రెండు ఆరు గాజు, రెండంగుళాల పైపు

మొన్న కల్లూరులో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన మా పైపుల దుకాణానికి వచ్చి, మాటా పలుకూ లేకుండా ఫోను తీసి మా కోడలి ముందు పెట్టాడు. అందులో పైపు బొమ్మ, దాని పక్కన టేపు, కింద మిల్లీమీటర్లలో కొలత. మా కోడలు కూడా అంతే, నోరు తెరవకుండా వెనక్కి తిరిగి, ముప్పై రెండుకు ఇరవై ఐదు అని అచ్చువేసి ఉన్న ప్లాస్టిక్ ముక్క తీసి ఇచ్చింది. నిమిషం పట్టలేదు, ఆయన వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఒకటే నవ్వు, ఎందుకంటే నలభై ఏళ్ళ కిందట ఇదే బల్ల వెనక నిలబడి, పెద్ద పైపును చిన్న పైపుకు కలిపే ఇలాంటి ముక్కనే తప్పుగా ఇచ్చి, దాన్ని దిద్దుకోవడానికి నేను ఆలూరు దాకా బస్సెక్కి పోయినదాన్ని.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పల్లెల్లో ఎవరింట్లోనూ టేపు ఉండేది కాదు, పైపుల కొలత అంటే చేతికి ఏది దొరికితే అదే. ఒకాయన జొన్నదంటు విరుచుకుని తెచ్చేవాడు, ఇంకొకాయన దారానికి ముడేసి తెచ్చేవాడు, అది బస్సులో చెమటకు తడిసి సాగి ఉండేది. కోడుమూరు వైపు నుంచి ఒక పెద్దాయన బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి పట్టుకుని, బస్సు టికెట్టు కూడా రెండో చేత్తోనే తీసుకుని, దుకాణం మెట్లెక్కేదాకా ఆ వేళ్ళు విడవకుండా వచ్చాడంటే నమ్ముతారా? మా నాన్న టీ తెప్పిస్తే అదీ ఎడమ చేత్తోనే తాగాడు పాపం. ఇంత చేసినా రెండో పైపు ఎంత లావో కొలవడం చాలామంది మరిచిపోయేవాళ్ళు, అది కనుక్కోవడానికి మళ్ళీ ఊరికి పోవలసిందే.

అలాంటి రోజుల్లో మా నాన్న పై అరలో సామాను తీయబోయి నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. దుకాణం ఎవరికైనా బాడుగకు ఇచ్చేద్దామని మా పెదనాన్న అన్నాడు, అమ్మ తల ఊపింది. నేను అప్పుడే ఇంటర్ ముగించి ఇంట్లో కూర్చుని ఉన్నాను. నేను కూర్చుంటానని ఎలా అన్నానో నాకే తెలియదు గాని, అన్నాను. చిన్నప్పటి నుంచి ఆ బల్ల కింద ఆడుకున్నదాన్ని, ఆ నూనె వాసన, ఆ ఇనుము చల్లదనం నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పుకోలేదు. ఆడపిల్ల ఇనుము అమ్మేదేమిటని పెదనాన్న చాలాసేపు గొణిగి, చివరికి నాన్న మొహం చూసి ఒక్క నెల గడువిచ్చాడు. ఒక్క ఫిర్యాదు వచ్చిందంటే మాత్రం మరునాడే తాళం. ఆ నెల గడిస్తే బల్ల నాది, లేకపోతే నా జన్మలో మళ్ళీ నాది కాదు, అంత బాగా అర్థమైంది నాకు.

మొదటి పదిరోజులూ వచ్చినవాళ్ళు నా తల మీదుగా లోపలికి తొంగిచూసి, మీ నాయన లేడా అని అడిగి వెనక్కి పోయేవాళ్ళు. వెనక్కి పోకుండా నిలబడిన మొదటి మనిషి ఆలూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన రైతు. జేబులోంచి రుమాలు తీసి, రుమాలు మడతల్లోంచి ఒక ఎర్ర గాజు తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్ళ బోరు దగ్గర ఇనుప పైపు చివరకు దాన్ని తొడిగి చూస్తే అటూ ఇటూ కదలకుండా సరిపోయిందట. ఆ పైపు నుంచి అంగుళం నల్ల పైపు కలిపి మిరప నారుకు నీళ్ళు పెట్టుకోవాలి. గాజు చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది! గాజుల సంగతి నాకు తెలియదా? అది రెండు ఆరు సైజు, నా చేతికున్నవీ అవే. స్కేలు పెట్టి చూస్తే రెండున్నర అంగుళాలకు కాస్త తక్కువ ఉంది. ఇంకేముంది, రెండున్నర నుంచి అంగుళానికి దిగే రెడ్యూసరు తీసి, గాజుతో సహా పొట్లం కట్టి, మా నాన్న లాగే గంభీరంగా మొహం పెట్టి ఇచ్చాను.

మూడో రోజు ఆయన మళ్ళీ వచ్చాడు. కోపంగా వచ్చినా బాగుండేది, ఆయన దిగులుగా వచ్చాడు. పైగా ఆ సమయానికి పెదనాన్న దుకాణంలోనే ఉన్నాడు.

"నువ్విచ్చింది మా పైపుకు శానా వదులైపాయ తల్లీ. ఆడ నారు చూస్తే ఎండిపోతాండాది," అన్నాడు.

పెదనాన్న తాళం చెవి చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆ రైతును కూర్చోమని చెప్పి ఇంటికి పరుగెత్తాను. సంగతి వింటూనే నాన్న కాలు పట్టుకుని మరీ నవ్వాడు. ఒక పైపు ముక్క తెమ్మని, నా వేలు అందులో పెట్టించి, ఇనుప పైపుకు పేరు వచ్చేది లోపల నీళ్ళు పోయే సందును బట్టి గాని పైన లావును బట్టి కాదని చెప్పాడు. రెండంగుళాల పైపు పైన కొలిస్తే అచ్చంగా రెండు ఆరు గాజంత ఉంటుంది. పైపు కళ్ళెదుట ఉండుంటే నేనూ ఇట్టే చెప్పేదాన్ని, గాజు చూసేసరికి అతి తెలివి పుట్టింది నాకు.

తిరిగి వచ్చి, ఈ ముక్క నేనే పోయి బిగించి వస్తాను, అప్పటిదాకా తాళం వేయొద్దని పెదనాన్నతో అన్నాను. తోడుగా అమ్మ వచ్చింది. సంచిలో అన్ని సైజుల ముక్కలూ, పైపు పానా, అతుకు కారకుండా పెట్టే జనపనార, సఫేదా డబ్బా వేసుకుని, ఆ రైతు వెంట పత్తికొండ మీదుగా బస్సులో పోయాం. చేలో ఆయన భార్య ఎదురొచ్చి ముందు నన్ను కాదు, మొగుణ్ణి దులిపింది. కొలతకు తన చేతి గాజే దొరికిందా, ఒక చేతికి తక్కువైతే ఊళ్ళో ఎన్ని మాటలు పడాలో తెలుసా అని. పైపు మరలకు నార చుట్టి, సఫేదా పూసి, రెండంగుళాల ముక్క ఎక్కించి పానాతో బిగిస్తుంటే చుట్టుపక్కల చేలలోని ఆడవాళ్ళంతా పని మానుకుని వచ్చి నిలబడ్డారు. మధ్యాహ్నం కరెంటు వచ్చి మోటరు వేశారు. పైపు ఒకసారి దగ్గింది, మట్టినీళ్ళు కక్కింది, తర్వాత తేటనీళ్ళు నారుమడిలోకి ఉరికాయి. అతుకు దగ్గర నేను అరచెయ్యి పెట్టి చూశాను, ఒక్క చుక్క తడి లేదు. అబ్బ, ఆ సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు, మా ఆయన వింటే ఏమనుకుంటాడో గాని.

ఆ తర్వాత ఆలూరు బస్సు వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు గాజు పట్టుకుని దిగేవాళ్ళు, అది చూసి పెదనాన్న తాళం మాటే మరిచిపోయాడు. పక్కనే గాజుల దుకాణం నడిపే పెద్దాయన్ను నేను చాచా అనేదాన్ని, ఆయన అన్ని సైజుల గాజులూ ఒక్కొక్కటి ఇస్తే, ఏ గాజుకు ఏ పైపో మేకులకు జంటగా వేలాడదీశాను. గాజును బట్టి ఆ ఇంటామె చెయ్యి ఎంతో తెలిసేది, చెయ్యి తెలిస్తే మనిషి తెలిసినట్టే, ఎలా ఉందని అడిగి పంపేదాన్ని. ఇప్పుడు కొలత తప్పదు, ముక్క తప్పదు, ఎవరూ రెండోసారి రానక్కర్లేదు. మంచిదే. కాని పైపు ఏ ఇంటిదో, ఆ నీళ్ళు ఎవరు పట్టుకుంటారో ఫోనులో బొమ్మ చెప్పదు గదా.

నాన్న కాలు అతుక్కుని, చేతికర్రతో మొదటిసారి దుకాణానికి వచ్చిన రోజు నేను గబగబా లేచి బల్ల వెనక చోటు వదిలాను. ఆయన లోపలికి రాలేదు. కొనేవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చుని కర్ర పక్కన పెట్టుకున్నాడు.

"నేను ఈడ బాగానే ఉండా పాపా. నువ్వు ఆడనే కూర్చో," అన్నాడు.

ఆయన చనిపోయేదాకా మళ్ళీ బల్ల వెనక్కి రాలేదు. నన్ను దీవించాడని అప్పుడు పొంగిపోయాను, అంతకుమించి ఆలోచించలేదు. కిందటేడు మా కోడలికి చోటిచ్చి నేనూ ఆ బెంచీ మీదికి వచ్చాను. ఎవరైనా ముక్క కోసం వస్తే నా చేతులు వాటంతటవే అరల వైపు లేస్తాయి, ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టుకుంటాను. మా నాన్న అన్నేళ్ళు నవ్వుతూ ఎలా కూర్చున్నాడో!