పిడకలో దాచిన కడియాలు

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. బియ్యం ధర పిరమైంది, దొంగలు పెరిగారు. లాల్‌దర్వాజాలో పక్కగల్లీ ఇళ్ళకు కన్నాలు పడితే పోలీసు ఠాణా అధికారి అమీన్ సాబ్ వచ్చాడు. గోడలు చూశాడు, చాయ్ తాగాడు, "హుషారుగ ఉండుండ్రి" అని చెప్పి పోయాడు.

ఎలా హుషారుగా ఉండాలో చెప్పే బాధ్యత మాత్రం బుచ్చమ్మ నెత్తిన వేసుకుంది. బర్లను సాకి గల్లీకి పాలుపోసే మనిషి. పాలలో నీళ్ళు కలిపేదో లేదో గాని, పాలతో పాటు సలహా తప్పక కలిపి పోసేది.

"తలుపు కొట్టంగనే గడియ తీయకుండ్రి, ముందుగాల గొంతు ఇనుండ్రి. మొగోడు ఊళ్ళె లేడన్న సంగతి బయట చెప్పకుండ్రి" అనేది. ఆ వెంటనే గల్లీ చివరిదాకా వినపడేటట్టు, "రాజమణీ! మీ ఆయన గుల్బర్గ పోయిండు గద, తలుపు గట్టిగ ఏస్కో!" అని కేకేసేది.

రాజమణి పక్కింటి కొత్తకోడలు. తల్లిగారు పెట్టిన వెండి కడియాలు తప్ప ఆమెకంటూ మరేమీ లేవు. వాటిని ఎక్కడ దాచాలని అడిగింది.

"సందుగపెట్టెల పెట్టకు. దొంగ ముందుగాల తెరిచేది గదే. పేడల చెయ్యి పెట్టే దొంగ ఇంకా పుట్టలే" అంది బుచ్చమ్మ.

ఒక్కో కడియానికి గుడ్డ చుట్టి, పేడలో పెట్టి, లావుపాటి పిడకలు చేసి తన గోడకు కొట్టింది. గుర్తుకు ఒక్కోదాంట్లో చింతగింజ ఒత్తింది. ఉపాయం మంచిదే. అయితే బోనాలు దగ్గరపడుతున్నాయనీ, అదే గోడకు సున్నం వేయించాలనీ ఆమెకు తట్టలేదు.

పండుగ ముంగిట్లోకి వచ్చాక, పిడకల్లోని కడియాల మాటే మరిచి, మలక్‌పేట నుంచి సీమోనును పిలిపించింది. సున్నం వేయడంలో చేయి తిరిగినవాడు, మాట తక్కువ. బుచ్చమ్మ పాలుపోయడానికి పోయినప్పుడు అతను పనిలో దిగాడు. పిడకల మీద సున్నం వేయలేడు గదా! అన్నీ ఊడబీకి గోడ కింద కుప్ప పెట్టాడు. బుచ్చమ్మ తిరిగొచ్చేసరికి సగం గోడ తెల్లగా మెరుస్తోంది. కుప్పలో చింతగింజ పిడకలు లేవు.

రాజమణి నెత్తి కొట్టుకుంది. ఠాణా జవాన్ వచ్చి, "ఎవడన్న కొత్తోడొచ్చిండా?" అన్నాడు. గల్లీ కళ్ళన్నీ సీమోను మీద పడ్డాయి.

"పిడకలు తీసి కింద పెట్టిన. గంతే భాయ్" అన్నాడు సీమోను.

అతన్ని తీసుకుపోయి ఠాణాలో వేశారు.

మర్నాడు పొద్దున్నే అతని భార్య నీలమ్మ బుచ్చమ్మ వాకిట్లో నిలబడింది.

"అక్కా, మా ఆయన దొంగంటున్నవా?"

"అయ్యో, నేనన్లే!"

"కాదని గూడ అన్లే గద!"

బుచ్చమ్మ చేతిలోని పాలచెంబు కింద పెట్టింది.

"నువ్వు పాలకు పోంగనే జవానొచ్చి గంపెడు పిడకలు ఎత్తుకపోయిండట. గా ముక్క ఠాణాల చెప్పబోతె మా ఆయన్ను నోర్మూయమన్నరు" అంది నీలమ్మ.

బుచ్చమ్మ చెంపలేసుకుంది. ఠాణా పొయ్యికి ఆమె గోడ నుంచి పిడకలు పోవడం కొత్త కాదు. పైస ఇచ్చింది లేదు, అడిగింది లేదు. అది దొంగతనమని గల్లీలో ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అది ఏండ్లుగా పట్టపగలే జరుగుతోంది.

నీలమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు నడిచింది.

"క్యా హై, బుచ్చమ్మా?" అన్నాడు అమీన్.

"దొంగసొమ్ము దొర్కింది, సాబ్."

"కహాఁ?"

"మీ వంటింటి ఎనక."

అమీన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. వంటింటి వెనక్కు పోయి, పిడకల కుప్ప తిరగేసి, చింతగింజ ఉన్నది తీసి, అందరి ముందూ నేలకేసి కొట్టింది. గుడ్డతో సహా కడియం బయటపడింది. రెండోది అప్పటికే పొయ్యిలోకి పోయింది. వంటవాడు పట్టుకారుతో బూడిద కెలికి, నల్లగా మాడిన కడియాన్ని పైకి తీశాడు.

అమీన్ జవాన్ వైపు చూశాడు. జవాన్ ఆకాశం వైపు చూశాడు.

"పిడకలు గోడ మీదికెల్లి దించినోడు లోపట ఉన్నడు. ఈడిదాక మోసుకొచ్చినోన్ని గూడ లోపటేస్తరా, లేకుంటె ఇద్దర్నీ ఇడుస్తరా, సాబ్?"

అమీన్ మీసం సవరించుకుని, "లేజావ్ ఉస్కో. తీస్కపోండ్రి వాన్ని" అన్నాడు.

సీమోను బయటికొచ్చాడు. పెదవి వాచి ఉంది. బుచ్చమ్మ ఏదో అనబోయింది.

"అక్కా, మస్తు జాగర్తలు చెప్తవట గద. చెయ్యని తప్పుకు పట్టుకపోకుండ ఎట్ల జాగర్త పడాలె? గది గూడ చెప్పు" అన్నాడు.

బుచ్చమ్మ చూపు అతని చేతులకంటిన సున్నం మీద పడింది. "మరి మిగిలిన గోడ..." అని నసిగింది.

"గా జవాన్‌తోని ఏయించుకో!" అంది నీలమ్మ, మొగుడి చేయి పట్టుకుని నడుస్తూ.

బోనాలకు బుచ్చమ్మ గోడ సగమే తెల్లగా ఉంది. వేరేవాళ్ళను పిలవమని ఎంతమంది చెప్పినా పిలవలేదు. పండుగయ్యాక పాలచెంబు పట్టుకుని మలక్‌పేట పోయి, సీమోను గడపలో చాలాసేపు కూర్చుని వచ్చింది. అతను వస్తానని గానీ రానని గానీ అనలేదట. పాలు మాత్రం తీసుకున్నాడట.

ఆ తర్వాత కూడా ఆమె పాలతో సలహా పోస్తూనే ఉంది. ఒకరోజు కొత్తమనిషి ఎవరో గల్లీలోకి రాగానే రాజమణి తలుపు మూయబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఆగు పిల్లా. ముందుగాల పేరడుగు, మంచినీళ్ళియ్యి. దొంగైతె నిలబడడు. మంచోడైతె, రేపు వాని తరఫున మాట్లాడెతందుకు నీకు పేరన్న ఎర్కయి ఉంటది."