పూసకు పెట్టిన బొట్టు

పోయిన సోమవారం ఆళ్లగడ్డ బస్సు కండక్టరు నంద్యాలలో మా కోడిపిల్లల అంగడి ముందర ఆగి, "అక్కా, మీ సైన్సు సారు పోయినాడంట" అన్నాడు. సరేనన్నాను. లోపలికొచ్చి పొయ్యి మీది పాలు దించాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు, ఏం మనిషినో!

మా సారు ఆళ్లగడ్డలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవారు. ఆదివారాలు ఇంటి అరుగు మీద, ఇష్టమున్నవాళ్లకు ఎలక్ట్రానిక్స్ నేర్పేవారు. బస్సెక్కి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. "టంకం పెట్టేటప్పుడు తొందర పడగాకు మ్మా" అంటూనే తాను వేలు కాల్చుకునేవారు.

ఆ చదువుతోనే మా అమ్మకు గుడ్లు పొదిగే పెట్టె కట్టాను. లోపల బల్బులు, అడుగున నీళ్ల పళ్లెం, గుడ్ల పక్కన థర్మిస్టరనే మిరియపు గింజంత పూస. వేడెక్కేకొద్దీ అది కరెంటును ఎక్కువగా పోనిస్తుంది, బయట మీటరు ముల్లు పైకి జరుగుతుంది. నాయన పోయినాక మాకు కూడు పెట్టాల్సింది ఆ పెట్టే. మొదటి విడత గుడ్లన్నీ మురిగిపోయాయి.

"ఈ తూరి గూడా ఇట్లే అయితే పెట్టె పొయ్యిలోకే" అంది అమ్మ.

రెండో విడత నడుస్తుండగా, ఆయుధపూజ మర్నాడు ముల్లు పైకెక్కి కూర్చుంది. ఒక బల్బు తీశాను, దిగలేదు. ఇంకోటి తీశాను. పూస చెడిందనుకుని ఆళ్లగడ్డకు పోయి సారును వెంటబెట్టుకొచ్చాను.

ఆయన మీటరు వైపే చూడలేదు. చేతి వెనకభాగం గుడ్లకు ఆనించారు. తర్వాత రెండో చెయ్యి.

"ఏందీ మ్మా, మీటరు కాలిపోతాందంటాది, గుడ్లేమో సల్లగుండాయి. ఒక్కదాని మాటే నమ్మగాకు, ఇంకోదాన్ని గూడా అడుగు."

జ్వరం చూసే థర్మామీటరు విదిలించి గుడ్ల మధ్య పెట్టారు. పాదరసం కదల్లేదు. గబగబా బల్బులు పెట్టించి, పూసను బయటికి తీశారు. దాని రెండు తీగల మధ్య గంధం, కుంకుమ! కత్తిపీటకు పెట్టినట్టే అమ్మ పూసకూ బొట్టు పెట్టింది. పళ్లెంలోని నీళ్ల చెమ్మకు అది ఆరనే లేదు. ఆ తడిలోంచి కూడా కరెంటు పోతుంటే, వేడి పెరిగిందని మీటరు చూపించింది.

అమ్మ ముఖం పాలిపోయింది. "నేనే సంపినానా సార్, వాట్ని?"

"ఊరుకోమ్మా. బొట్టు పెడితే తప్పేముంది? ఈడ పెట్టుకో" అని పెట్టె మూత చూపించారు. పూసను తుడిచి ఆరబెట్టి, తీగలకు విడివిడిగా టేపు చుట్టారు.

పిల్లలు కాస్త ఆలస్యంగా, అన్నీ కాకపోయినా చాలావరకు బయటికొచ్చాయి. ఆ పెట్టె వల్లే ఇవాళ ఈ అంగడి ఉంది.

కబురు చెప్పిన ఆ కండక్టరు బస్సులోనే ఆళ్లగడ్డ వెళ్లాను. పాఠాలు చెప్పిన అరుగు మీదే సారును పడుకోబెట్టారు. నుదుట గంధం ఇంకా తడిగా ఉంది. చేతి వెనకభాగం ఆయన చెంపకు ఆనించాను. చల్లగా ఉంది.

రెండో చెయ్యి కూడా పెట్టి చూశాను.