శుక్రవారం ఏజెంటు

మొన్న మా అమ్మాయి బడిలో ఆడుతూ మడమ బెణికించుకొచ్చింది. చిన్న గిన్నెలో నువ్వుల నూనె పోసి, కర్పూరం బిళ్ళలు నలిపి వేసి, సన్నటి సెగ మీద పెట్టాను. ఆ ఘాటు వాసన వంటింటి గడప దాటేసరికి నేనున్నది హైదరాబాదులోనన్న సంగతే మరిచిపోయాను. నాకు తొమ్మిదేళ్ళు. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లో, నాలుగంతస్తుల పాత బిల్డింగులో మా ఇల్లు. బట్టలారేసే చిన్న బాల్కనీలో సుబ్బరాయుడు మామ చొక్కా విప్పేసి, అమ్మ కాచిచ్చిన నూనె భుజాలకీ మెడకీ పట్టిస్తుంటాడు. ప్రతి శుక్రవారం భోజనానికి ముందు ఇదొక తంతు. ఒళ్ళు నొప్పులు పుట్టాక కదా నూనె రాసుకోవాలి, ఈయన డ్యూటీకి వెళ్ళబోయే ముందు రాసుకుంటాడేమిటని మా ఇంట్లో ఒక్కరికైనా తట్టలేదు.

మామది కడప దగ్గర పల్లె. అల్ రయ్యాన్‌లో ఒక ఖతరీ పెద్దాయన ఇంట్లో డ్రైవరు. మాకు చుట్టం కాదు. మా అమ్మది భీమవరం వైపు, పరాయి దేశంలో తెలుగు వినిపిస్తే చాలు అన్నయ్యనో తమ్ముడినో చేసేసుకునే మనిషి. మామ లోపలికి రావాలంటే గుమ్మంలో కాస్త పక్కకి తిరగాలి, అంత మనిషి, నున్నటి బట్టతల. కానీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే తప్ప వినపడనంత మెల్లగా మాట్లాడేవాడు. మా చెల్లి జడలు ఊడిపోతే ఆ లావుపాటి వేళ్ళతో ఓపిగ్గా మళ్ళీ అల్లేవాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి మేడం వాళ్ళని తోటకి తీసుకెళ్ళాలంటూ లేచి వెళ్ళిపోయేవాడు.

అక్కడ మా పండగలన్నీ శుక్రవారమే వచ్చేవి. ఉగాది మంగళవారం పడినా, దసరా సోమవారం పడినా, సెలవు ఉండేది శుక్రవారమే కాబట్టి దేవుళ్ళు కూడా శుక్రవారం దాకా ఓపిక పట్టేవాళ్ళు. మార్చి నెలాఖర్లో ఇసుక గాలి లేచి కిటికీ సందుల్లో ఎర్రటి దుమ్ము పేరుకుపోతుంటే, అమ్మ తడిబట్టలు కుక్కి, ఏసీ పెట్టె గడగడల మధ్య శనగపప్పు రుబ్బేది. అమ్మ వాటిని బొబ్బట్లు అనేది, మామ ఓళిగలు అనేవాడు, నాన్న కంపెనీలో పనిచేసే రాజన్న పోలెలు అనేవాడు. చాప మీద వరసగా కూర్చుని ముగ్గురూ మూడు పేర్లతో ఒకే పళ్ళెం ఖాళీ చేసేవాళ్ళు. వేపపువ్వు దొరక్క అమ్మ ఉగాది పచ్చడిలో కాకరకాయ తురుము వేస్తే, మేం పిల్లలం పైకి డాబా మీదకి పారిపోయి, విరిగిన టైల్సు ముక్కలు పేర్చి ఏడు పెంకులాట ఆడేవాళ్ళం.

రాజన్న గురించి చెప్పాలి. జగిత్యాల దగ్గర ఊరు. నాన్న పనిచేసే కంపెనీ సైటులో సిమెంటు మోసేవాడు, ఊరి బయట క్యాంపులో ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి వాళ్ళమ్మకి మాత్రం కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. ఆస్పత్రిలో తోటపని, నీడపట్టున ఉద్యోగం అని చెప్పి ఒక ఏజెంటు పంపించాడు. దిగాక చూస్తే ఎండలో సిమెంటు బస్తాలు. ఆ ఏజెంటు కథ రాజన్న ప్రతి శుక్రవారం చెప్పేవాడు. తెల్ల సఫారీ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో తోలు పెట్టె. పాస్‌పోర్టు అందుకుని జేబురుమాలుతో తుడిచి, ప్రసాదంలా రెండు కళ్ళకీ అద్దుకుని పెట్టెలో పెట్టుకున్నాడట. "నా సొంత తమ్మునైతె పంపనా?" అన్నాడట. రాజన్న ఒక అప్పడం పట్టుకుని అదంతా చేసి చూపించేవాడు.

మామకి ఆ కథ ఎన్నిసార్లు విన్నా తనివి తీరేది కాదు. పెట్టె ఏ చేత్తో పట్టుకున్నాడు, నవ్వినప్పుడు పళ్ళు కనిపించాయా, పేరు పెట్టి పిలిచాడా, తమ్ముడూ అన్నాడా అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. "ఇంగొక తూరి చేసి చూపించప్పా" అని బతిమాలేవాడు. మొదట్లో కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చెప్పే రాజన్న, చెప్పగా చెప్పగా నవ్వుతూ చెప్పడం నేర్చుకున్నాడు. పాపం, మనసు తేలిక పడాలనే మామ అలా అడిగి చెప్పిస్తున్నాడని అమ్మ మురిసిపోయేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే దోహాలో ఇంకొక ఏజెంటు పేరు మోగిపోయింది. అల్ సద్ అవతల రేకుల కంచె కట్టిన ఖాళీ స్థలంలో, చలికాలం మొదలు ఎండలు ముదిరేదాకా శుక్రవారం సాయంత్రాలు కుస్తీ ఆటలు పెట్టేవాళ్ళు. టీవీలో వచ్చేలాంటి కుస్తీలు. తాళ్ళు కట్టిన అరుగు, మంచివాడు ఒకడు, చెడ్డవాడు ఒకడు, చివరికి మంచివాడే గెలవాలి. ఆ చెడ్డవాడికి అందరూ పెట్టుకున్న పేరు ఏజెంటు. జనంలో ఒకడి దగ్గర ఉత్తుత్తి పాస్‌పోర్టు లాక్కుని నానా మాటలూ అంటాడట, మంచివాడు వాణ్ని చితక్కొట్టి, పెట్టెలోని పాస్‌పోర్టులన్నీ జనంలోకి విసిరేస్తాడట. క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళు వాడి మీదకి చెప్పులు విసిరేవాళ్ళు. ఊరంతా దీని మీదే తగువు. ఏడిచేవాళ్ళ ముందు వాళ్ళ ఏడుపునే ఆటగా ఆడటం ఏమిటని కొందరు, వారానికొకసారైనా కడుపారా తిట్టుకోనివ్వండని కొందరు. మా నాన్న మొదటి జట్టు. అటువంటివాణ్ని చెప్పుతో కొట్టాలని ఒక శుక్రవారం భోజనాల దగ్గర గట్టిగానే అన్నాడు. మామ తల ఎత్తకుండా చారన్నం కలుపుకుంటూ ఊఁ అన్నాడు.

అంత తిట్టిన నాన్నే, ఆఫీసులో స్నేహితుడు పాసులిస్తే, ఉగాది పండగ చేసుకున్న శుక్రవారం నన్నూ రాజన్ననీ వెంటబెట్టుకుని ఆటకి బయల్దేరాడు. మామ అప్పటికే తోటకి వెళ్ళిపోయాడు. దుమ్ము గాలికి దీపాలు పచ్చగా కనిపిస్తున్నాయి. వేయించిన శనగల వాసన, చెమట వాసన, ఎక్కడ చూసినా మగవాళ్ళే. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. గేటు దగ్గర పోలీసు జీపు చూసి నాకు భయం వేసింది. అక్కడ కొట్లాటంటే మాటలు కాదు. చెయ్యి చేసుకున్నవాడి వీసా క్యాన్సిల్, విమానం టికెట్టు, ఇక మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టేది లేదు. ఈ సంగతి చిన్నపిల్లలమైన మాకు కూడా తెలుసు.

తెర తొలగి ఏజెంటు వచ్చాడు. తెల్ల సఫారీ, నల్ల కళ్ళద్దాలు, నెత్తి మీద నూనె కారే ఉంగరాల జుట్టు, ఎడమ చేతిలో పెట్టె. జనం ఒక్కసారిగా గోల పెట్టారు. వాడు తీరిగ్గా అరుగెక్కి, ఒక పాస్‌పోర్టు అందుకుని, జేబురుమాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కళ్ళకద్దుకుంటాడు అనుకున్నాను, అద్దుకున్నాడు. ఇప్పుడు పళ్ళు కనిపించకుండా నవ్వుతాడు అనుకున్నాను, నవ్వాడు. "నా సొంత తమ్మునైతె పంపనా?" అని అచ్చం జగిత్యాల యాసలో అరిచి, ఆ పాస్‌పోర్టుని బూటు కింద పడేసి తొక్కాడు. ఆ అరిచిన గొంతు మామది. మా ఇంట్లో ఎన్నడూ గట్టిగా వినిపించని ఆ గొంతు, అంత పెద్దగా, అంత నీచంగా లేచింది. నాన్నకి చెప్పాలని జుట్టు పట్టి లాగాను, నాన్న పట్టించుకోలేదు.

రాజన్న మామని పోల్చుకోలేదు. అతనికి కనిపించింది వేరేవాడు. రెండేళ్ళుగా కలలోకి వస్తున్నవాడు, అదే గుడ్డలతో, అదే మాటతో ఎదురుగా నిలబడ్డాడు. వీడే, వీడే అంటూ ఇనప కుర్చీ ఒకటి మడిచి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ పోయి తాళ్ళ కింద నుంచి దూరాడు. నేను కళ్ళు మూసుకునే లోపలే కుర్చీ మామ భుజం మీద, ఆ తర్వాత నుదుటి మీద పడింది. అన్నిటికన్నా ఘోరం, జనం ఈలలు వేశారు. ఇదీ ఆటేననుకుని ఇంకా కొట్టమన్నారు. మంచివాడి వేషం వేసిన పంజాబీ కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాడు. తెల్ల సఫారీ మీద నెత్తురు చూశాక గాని ఈలలు ఆగలేదు.

కళ్ళద్దాలు పడిపోయాయి. అంత దగ్గర నుంచి ఆ కళ్ళు చూసి రాజన్న కుర్చీ వదిలేశాడు. అప్పటికే ఇద్దరు పోలీసులు అరుగెక్కి అతని మెడపట్టి వంచారు. ఆటలు పెట్టే బలూచీ ముసలాయన వెనక తెర ఎత్తి పట్టుకుని, యల్లా యల్లా, త్వరగా రమ్మని మామకి సైగ చేస్తున్నాడు. చెడ్డవాడి ముఖం జనానికి చూపించకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. ఆట అవగానే వాణ్ని దుప్పటి కప్పి, వెనక గేటు నుంచి వ్యానులో పంపేసేవాళ్ళు. మామకైతే అది ఇంకా అవసరం. ఒక ఇంటి డ్రైవరు బయట ఇంకో పని చేశాడని తెలిస్తే ఆ ఇంట్లో అతని నూకలు చెల్లినట్టే. తెర వెనక్కి నాలుగడుగులు వేస్తే మామ బతికిపోతాడు, రాజన్న పోతాడు.

మామ నెత్తి మీది ఉంగరాల విగ్గు పీకి పక్కన పడేశాడు. నెత్తుటి ముఖంతో, బట్టతలతో, అంతమంది ముందు మా మామ మా మామలాగే నిలబడ్డాడు. మాఫీ ముష్కిల్, ఏమీ ఫర్వాలేదంటూ మామ పోలీసులకి అరబ్బీలో, హిందీలో కలిపి చెప్పుకొచ్చాడు. ఇతను మా మనిషే, ఇది ఆటలోదే, నేనే కొట్టమన్నాను, కొత్తవాడు కదా, కొంచెం గట్టిగా తగిలింది. పోలీసు నమ్మినట్టు లేడు, నీ పేరేమిటి, నీకు వీసా ఇచ్చిన కఫీల్ ఎవరని అడిగాడు. మామ పేరు చెప్పాడు. అల్ రయ్యాన్‌లో యజమాని పేరు కూడా చెప్పాడు. చెప్పి, రాజన్న భుజం చుట్టూ చెయ్యి వేసి, తనతో పాటు అతని నడుమూ వంచి జనానికి దణ్ణం పెట్టించాడు. జనం చప్పట్లు కొట్టారు, పోలీసులు రాజన్నని వదిలేశారు. రాజన్న ముఖం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది, బొమ్మలా వంగాడు, బొమ్మలా లేచాడు.

ఆ తర్వాత తెలిసింది మాకు. మామ వయసులో సర్కస్‌ల వెంట, తిరునాళ్ళలో కుస్తీ ఆటల వెంట తిరిగాడు. ఏ కంపెనీకీ చెందకుండా ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర ఆడి, ఎప్పుడూ ఓడిపోయే వేషమే కట్టాడు. దోహా వచ్చినా ఆ యావ వదల్లేదు. కఫీల్ ముసలాయన మంచివాడేనట గాని, తమ పేరు పోలీసుల నోట విన్న కొడుకులు ఊరుకోలేదు. మామ వీసా క్యాన్సిల్ అయింది.

చివరి శుక్రవారం మామ నుదుటికి కట్టుతో భోజనానికి వచ్చాడు. నాన్న ఆయన ముఖం చూడలేక విస్తరాకు సర్దుతున్నట్టు నటించాడు. రాజన్న వస్తాడని ఎవరమూ అనుకోలేదు. వచ్చాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా గోస నువ్వెట్ల ఆటాడినవే అన్నా?" అన్నాడు.

మామ చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేశాడు. "నేను ఆడితేనే కదప్పా, వాడు వారం వారం తన్నులు తినేది. మీ ఊర్లో వాడ్ని ఎవురు కొట్నారు?" అన్నాడు, ఎప్పటిలా మెల్లగా.

రాజన్న చెప్పులు విప్పాడు. వచ్చి మామ పక్కన చాప మీద కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది, ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. నాకు మాత్రం మామ మీద కోపమో, జాలో తేలలేదు. ఒకడి దుఃఖాన్ని ప్లేటులోంచి ముక్క తీసుకున్నట్టు తీసుకోవచ్చా అని ఇప్పటికీ ఒక్కోసారి చిరాకు పడతాను. మరుక్షణమే ఆ బట్టతల గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

ఇప్పుడు మా బిల్డింగు లేదు. అల్ సద్ అవతలి ఖాళీ స్థలంలో అద్దాల ఆఫీసులు లేచాయని, పక్కనే మెట్రో ఆగుతుందని అక్కడ ఉంటున్న వాళ్ళు చెబుతారు. ఆ శుక్రవారపు పండగలు, మూడు పేర్ల పళ్ళెం, మా అమ్మ, అందరూ వెళ్ళిపోయారు. మామ కడపలోనే ఆటో తోలుతూ బతికి, పోయి చాలా ఏళ్ళయింది. రాజన్న ఒక్కడే జగిత్యాల దగ్గర మనవలతో ఉన్నాడు. నిన్న పొద్దున ఫోన్ చేశాను. మాటల మధ్య ఆ అసలు ఏజెంటు సంగతి అడిగాను. వాడు పెద్ద మనిషయ్యాడట, ఊరి గుడికి గోపురం కట్టించాడట, పెళ్ళిళ్ళకి ముందు వరసలో కుర్చీ వేస్తారట. ఒక్కరైనా వాణ్ని నిలదీయలేదా అన్నాను.

"వాన్నెవ్వలు కొట్టలె బిడ్డా" అన్నాడు. "నేను కొట్టింది మా అన్ననే."