ఆటో వచ్చేలోపు వంట

డయాలసిస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మావయ్యే పోయాడనుకున్నాను. ఆ కబురు కోసం ఇంట్లో అందరం ఎప్పటినుంచో సిద్ధపడి ఉన్నాం. ఫోన్‌లో సిస్టర్ మళ్లీ చెప్పింది. పోయింది పేషెంట్ కాదు, పేషెంట్ భార్య. వరండాలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. గుండె ఆగిపోయిందన్నాడట డాక్టరు.

ఆవిడ మా నాన్న చెల్లెలు, నాకు మేనత్త. పిల్లల్లేరు. పలాస దాటి ఉద్దానంలోకి వెళ్తే అత్తవాళ్ల ఇంటి చుట్టూ కొబ్బరి, జీడి తోటలే. ఆ ఇంట్లో మాత్రం కూరలోకి కొబ్బరికాయ కొట్టి చాలా కాలమైంది. మావయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. రావడం మాత్రం మానలేదు. ఉప్పు వద్దన్నారు, కొబ్బరి వద్దన్నారు, నీళ్లు కొలిచి తాగమన్నారు. ఆ రోజు నుంచి అత్త కూడా అదే తినడం మొదలుపెట్టింది. ఇద్దరు మనుషులకి రెండు వంటలేటని అడిగింది. త్యాగం చేస్తున్నానని ఆవిడ అనుకోలేదు. గ్యాసు దండగ అనుకుంది.

టెక్కలిలో సెంటర్ ఎదుట ఫాస్ట్‌ఫుడ్ బళ్లు వరసగా ఉంటాయి. రోగుల వెంట వచ్చినవాళ్లు అక్కడే తింటారు, కొందరు రోగులు కూడా. అత్త ఆ వరస పక్కనుంచి ముక్కు మూసుకోకుండా, తల తిప్పకుండా నడిచి వెళ్లేది. సెంటర్‌కు వెళ్లే రోజుల్లో ఆవిడ వంట వేళ, వాళ్లను తీసుకెళ్లే ఆటో చేతిలో ఉండేది. ముందే వండి మూత పెడితే ఎండకు పాసిపోతుందని, పక్క ఊళ్లో బయల్దేరానని ఆటో అతను ఫోన్ చేశాకే పొయ్యి వెలిగించేది. ఒక పొయ్యి మీద అన్నం. రెండో పొయ్యి మీద సన్నగా తరిగిన బీరకాయో, క్యాబేజీయో. ముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసేది. అందులోని పొటాషియం పోవాలని డాక్టరు చెప్పిన పద్ధతి అది. దాంతోపాటు రుచి కూడా పోయేది. ఆ రుచిని కొంచెమైనా వెనక్కి తేవడానికి వెల్లుల్లి, మిరియాలు వేసి పోపు పెట్టి, రెండు చుక్కలు నిమ్మకాయ పిండేది. ఆటో గుమ్మం ముందుకొచ్చేసరికి క్యారేజీ మూత పడేది.

చుట్టాలు ఆ ఇంట్లో భోజనానికి కూర్చోవడం మానేశారు. ఆస్పత్రి కూడు అనేవారు, ఆవిడకు వినబడేలాగే. మావయ్య అంతకంటే ఘోరం. ఈ కూడు తినడం కంటే ఆ డయాలసిస్ మిషను తిన్నా నయమని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఒకసారి ఆవిడ మందులు కొనడానికి వెళ్లినప్పుడు బండి దగ్గర చికెన్ నూడుల్స్ తిని, సాస్ మరకతోనే ఆటో ఎక్కాడు. తర్వాత కాళ్లు వాచి, ఊపిరందక, మంచం మీద పడుకోలేక కూర్చునే ఉన్నాడు. ఆయన తేరుకున్నాక అత్త సేమియా ఉడికించి, చల్లటి నీళ్లలో జాడించి, క్యాబేజీ, వెల్లుల్లి, మిరియాలపొడితో మూకుట్లో నూడుల్స్‌లా తిప్పి ప్లేటులో పెట్టింది. బండివాడైనా అంత తొందరగా చేయలేడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. మావయ్య ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, ప్లేటు తీసుకెళ్లి పెరట్లో కోళ్లకు గుమ్మరించాడు.

అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "కోళ్లకి నచ్చిందే" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఈ తిట్లన్నీ ఎందుకు పడతావని అడిగాను. ఆవిడ ప్లేటు కడుగుతూ చెప్పింది.

"తిట్టనీయే గుంటా. తిడతన్నాడంటే ఊపిరాడతన్నట్టే కదా."

అంతకు మించి ఆవిడ కోరుకున్నది నాకు తెలిసి ఏమీ లేదు. ఆయన తిడుతూ ఉండాలి.

టెక్కలి కాలేజీ లైబ్రరీలో నాకు ఉద్యోగం వచ్చాక, గది అద్దెకు తీసుకుంటే, అత్త ఒక చిన్న కుక్కరు, ఒక మూకుడు తెచ్చి ఇచ్చింది. రెండు పూటలా ఫోన్ చేసి పొయ్యి ఎలిగించావేటి అని అడిగేది. బద్ధకంగా ఉందంటే, బద్ధకం ఉన్నోళ్లకనే పెసరపప్పు పుట్టిందనేది. పుస్తకం చదువుతూ కూడా వండుకోగలిగే నాలుగైదు వంటలు నాకు ఆవిడ ఫోన్‌లోనే నేర్పింది. నాకు ఉప్పు వేసుకోమని ప్రతిసారీ గుర్తు చేసేది.

ఆ రోజు నేను సెంటర్‌కు పరుగెత్తి వెళ్లేసరికి మావయ్య ఇంకా మిషను మీదే ఉన్నాడు. ఇప్పుడు చెబితే బీపీ పడిపోతుంది, అయిపోయాక ఏదైనా తినిపించి నెమ్మదిగా చెప్పండి అంది సిస్టర్. కాన్వెంటు రోజుల నుంచీ పెద్దవాళ్లు చెబితే తల ఊపడమే నాకు అలవాటు. ఊపాను. అత్తను పక్క గదిలో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. గోడకు ఇటు ఆవిడ, అటు ఆయన. మిషను చాలా సేపు తిరిగింది.

మావయ్య సూది గుచ్చిన చోట దూది నొక్కి పట్టుకుని బయటికొచ్చాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అప్పుడప్పుడు నేను మధ్యాహ్నం పూట వాళ్లను చూడ్డానికి వస్తూనే ఉంటాను.

"మీ అత్తేదే?"

పక్క గదిలో ఉందన్నాను. అది అబద్ధం కాదు.

ఇక్కడ మనిషి ఆకలితో సస్తంటే లోపల దానికేటి పనని విసుక్కుని, బెంచీ మీద కూర్చుని, అక్కడే ఉన్న అత్త క్యారేజీ విప్పమన్నాడు. విప్పాను. అన్నం, సొరకాయ కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఇది సచ్చినా ఉప్పెయ్యదే" అన్నాడు.

తినిపించాకే చెప్పాలి కాబట్టి ఇంకా చెప్పలేదు. నాన్న దారిలో ఉన్నాడు. మావయ్య గొణుగుతూనే ముద్ద తర్వాత ముద్ద తిన్నాడు. సగంలో ఆగి, మిగిలిన అన్నాన్ని చెంచాతో ఒక పక్కకు సర్ది, దాని మీద కూరలో మంచి ముక్కలు ఏరి పెట్టాడు. గిన్నె నా వైపు జరిపాడు.

"మూతెట్టీ. పొద్దున్నుంచి అదేటీ తిననేదు."

మూత పెట్టాను. ఆయన బెంచీ మీద ఒక మనిషికి చోటిచ్చి పక్కకు జరిగి, గది తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.