బగ్దాదుకు పోని కొయ్య రైలు

ఒంటిమిట్ట రాముడి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఊళ్లో దయ్యం కథలు చెప్పి జనాన్ని హడలగొట్టేది నేనే కాబట్టి, అవి ఎక్కడ తయారవుతాయో నాకు బాగా తెలుసు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఏడు, నేనూ మా అక్క మొగుడు ఓబులేసు బావా కువైట్‌లోనే ఒక అమ్యూజ్‌మెంట్ పార్కులో పనిచేసేవాళ్లం. అక్కడ పాతకాలపు రోలర్ కోస్టర్ ఒకటి ఉండేది, మొత్తం కొయ్య కట్టుబడి. మేం దాన్ని కొయ్య రైలనేవాళ్లం. బావ దానికి మెకానిక్, నేను అతని చేతికింద మనిషిని. అది కదిలిందంటే దూలాలన్నీ మూలిగేవి. ఆ మోత బయట రోడ్డు మీదికి వినిపించేది.

రోజూ జనాన్ని ఎక్కించే ముందు, సీట్లలో ఇసుక మూటలు కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పి చూసేవాళ్లం. మూటలకు పేర్లు కూడా ఉండేవి. ముందు సీటులోని లావు మూట మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని. వెనక మూటకు మా అక్క పేరు పెట్టింది బావే. కనీసం ఈమైనా ఎంత కుదిపినా నోరు మెదపదని.

సైన్యం వచ్చాక పార్కు మూతపడింది. జోర్డాన్ వైపు పోయే బస్సులో మా ఇద్దరికీ సీట్లు దొరికాయి. తెల్లవారితే ప్రయాణం అనగా ఒక ఇరాకీ ఆఫీసరు జీపులో దిగాడు. రైలు బాగా తిరిగితే ఊడదీసి బగ్దాదుకు తీసుకుపోతారట. అక్కడ మళ్లీ బిగించడానికి బావ వాళ్ల వెంట వెళ్లాలి. మేమేదైనా చెడగొడితే కాల్చేస్తారు.

“ఏంజేద్దాం బావా?”

“ఏముండాదిరా, తిప్పుదాం. బాగుంటే బగ్దాదు, చెడితే తూటా. ఏదైనా మీ యక్క నన్నే తిడ్తాది.”

“మూటల్ని దించేదా?”

“ఉండనీ. కఫీల్ లేకుండా బండి కదిలిస్తే మర్యాదగా ఉండదు.”

ఆఫీసరు ఇక కానివ్వమన్నట్టు “యల్లా” అన్నాడు. బావ లివరు లాగాడు.

మిట్టమధ్యాహ్నం. రైలు మెల్లగా ఎత్తెక్కి కిందికి జారింది. అప్పుడు వినిపించాయి, పిల్లల నవ్వులు. పండగ సెలవుల్లో వినిపించేలాంటి కేరింతలు. సీట్లలో చూస్తే మూటలే. చుట్టు పూర్తిచేసి రైలు మా ముందు ఆగింది. ఆఫీసరు దగ్గరికొచ్చి కఫీల్ మూటను వేలితో పొడిచి చూశాడు. తర్వాత మా ఇద్దరి ముఖాలూ చూశాడు.

“ఖలాస్”, ఇక చాలు, అని జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ రైలు కోసం గానీ బావ కోసం గానీ మళ్లీ ఎవరూ రాలేదు. మర్నాడు ఇద్దరం ఒకే బస్సులో బయలుదేరాం. ఇంటికి చేరాక అక్క నిజంగానే తిట్టింది, ఇంత చిక్కిపోయి వచ్చావేమని.

రాముడి మీద ఒట్టేశాను కాబట్టి ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ నవ్వులు నేను కల్పించినవి. ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ నమ్మడం లేదని ఇన్నేళ్లుగా కలుపుతున్నాను.

ఆ రోజు అసలు ఏ చప్పుడూ రాలేదు. గొలుసు మోగలేదు, దూలాలు మూలగలేదు. అంత బరువున్న రైలు పత్తి మీద జారినట్టు తిరిగొచ్చింది. ఎందుకలా అయిందో మెకానిక్ బావ కూడా చెప్పలేకపోయాడు.

రైలు ఇంకా తిరుగుతుండగానే, చెవులు పోయాయేమోనని జీపు దగ్గర నిలబడ్డ ఆఫీసరు తన చెవి పక్కన చిటిక వేసి చూసుకున్నాడు.

అంత దూరంలో ఉన్న మాకు కూడా ఆ చిటిక వినిపించింది.