సైన్సు సారు మార్చిన ఆయిల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మరీ పాత రోజులేమీ కావు, ఫోనులో వీడియో చూస్తే ఎంత పనైనా వచ్చేస్తుందని అందరమూ నమ్మిన రోజులే. ఇరవై ఎనిమిదేళ్ల వయసు, బిజినేపల్లి దగ్గర సర్కారు బడిలో సైన్సు సారు ఉద్యోగం, కొత్తగా పెళ్లి, అంతకంటే కొత్తగా కొనుక్కున్న పాత కారు. ఇన్ని ఒక్కసారే దొరికిన మనిషికి కళ్లు నెత్తికెక్కకపోతేనే వింత.

మా ఆవిడ అప్పుడు సర్కారు కొలువు కోసం చదువుతోంది. రెండేళ్లుగా పెళ్లికీ పేరంటానికీ పోకుండా చదివిన చదువు. పరీక్ష ఆదివారం పొద్దున, వనపర్తిలో. ఒక్క నిమిషం ఆలస్యమైతే కాళ్లావేళ్లా పడ్డా గేటు తియ్యరు. ఆమె బస్సుకు పోతానంటే నేనే పోనివ్వలేదు. "సొంత కారు పెట్టుకోని బస్సెందుకు? దర్జాగ దింపుత," అన్నాను. దింపే ముందు బండికి ఆయిల్ మార్చాలని, అదీ నా చేత్తోనే మార్చాలని శనివారం పొద్దున నాకు బుద్ధి పుట్టింది.

మా వీధి చివర ఒక షెడ్డు ఉండేది. దాని యజమానిని ఊరంతా చాచా అనే పిలిచేది. నలభై ఏళ్లు లారీల కింద పడుకుని పని చేసిన మనిషి. (ఆయనకే ఇవ్వొచ్చు కదా అని మీరంటారు. మా ఆవిడా అదే అంది.) కానీ వీడియోలో ఒకాయన, "మీ మెకానిక్ ఏ ఆయిల్ పోస్తున్నాడో మీకు తెలుసా?" అని నా కళ్లలోకి చూసి అడిగాడు. నాకు తెలియదు. చాచాను అడిగితే చెప్పేవాడే గానీ, సైన్సు చెప్పేవాణ్ని, అడగడం నామోషీ అనిపించింది.

బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయాను. దుకాణంలో గోడ నిండా డబ్బాలు. జేబులోంచి నోటు పుస్తకం తీసి, సింథటిక్ మంచిదా, సగం సింథటిక్ మంచిదా, ఐదు డబ్ల్యూ ముప్పై తీసుకోవాలా, పది డబ్ల్యూ నలభై తీసుకోవాలా అని దుకాణదారుణ్ని వైవా పరీక్ష పట్టాను. ఆ డబ్ల్యూ అంటే చలికాలమని, చలిలో ఆయిల్ ఎంత పలచగా పారుతుందో ఆ అంకె చెబుతుందని పాఠం కూడా చెప్పాను. ఆయన ఓపికగా విని, "సార్, మనకాడ చలి ఏడున్నది? బండితోని వచ్చిన బుక్కు చూసిండ్రా? అండ్ల ఏది రాస్తే అది పొయ్యుండ్రి, అయిపాయె," అన్నాడు. ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఐదు డబ్ల్యూ ముప్పై డబ్బా, కంపెనీ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు తీసుకుని యుద్ధం గెలిచినవాడిలా తిరిగొచ్చాను.

ముందు చక్రాల కింద షాబాదు బండలు పేర్చి బండిని పైకెక్కించి, కిందికి దూరాను. వీడియోలో చెప్పినట్టే ఒక బోల్టు కనబడింది. విప్పాను. బేసినులోకి ఆయిల్ దిగింది. తేనెరంగులో, ముఖం చూసుకోవచ్చన్నట్టుగా ఉంది! నా ఛాతీ రెండింతలైంది. మా ఆవిడను కేకేసి, "చూడు, నేను బండి ఎంత పైలంగ నడుపుతున్ననో! ఆయిల్ జర గూడ నల్లగ కాలే!" అన్నాను. ఆమె పుస్తకంలో వేలు పెట్టుకుని గడపలో నిలబడి చూసింది. "మరి గంత మంచిగుంటే మార్చుడెందుకు?" అంది. జవాబు లేనప్పుడు మొగుడన్నవాడు అనేదే నేనూ అన్నాను. "నీకు తెల్వదు, పోయి చదువుకో."

బోల్టు బిగించి, ఫిల్టరు మార్చి, కొత్త డబ్బా మొత్తం పోశాను. కొలత పుల్ల తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి చాలా పైకి ఉంది. వచ్చిన చుట్టానికి నెయ్యి కొసరి వడ్డించినట్టు, ఎక్కువైతే బండికి మేలే కదా అనుకున్నాను. పిల్లలకు ఘనపరిమాణాలు నేర్పేవాణ్ని నేనే. ఇంతలో పక్కింటి పెద్దమ్మ గిన్నె పట్టుకొచ్చింది. మా దగ్గర ఎవరింట్లో బండి ఆయిల్ మార్చినా పాత ఆయిల్ కోసం గిన్నెలు బయల్దేరతాయి. దర్వాజాలకు, మంచం కోళ్లకు పూస్తే చెద పట్టదు. దానకర్ణుడిలా బేసినంతా ఆమెకే వంపేశాను.

సాయంత్రం నమాజుకు పోతూ చాచా పెద్దమ్మ దర్వాజా ముందు ఆగిపోయాడు. తడి తడిగా మెరుస్తున్న చెక్కను వేలితో తాకి, వాసన చూసి, "అమ్మా, ఈ ఆయిల్ యాడిది?" అని అడిగాడు. సారు ఇచ్చిండని ఆమె చెప్పింది. ఆయన నమాజు దారి వదిలేసి నేరుగా మా ఇంటికొచ్చాడు.

"సార్, బండి చాలు చేసిండ్రా?"

"లేదు చాచా. రేపు పొద్దున వనపర్తి పోవాలె, అప్పుడే చాలు చేస్త."

"యా అల్లా! చెయ్యకుండ్రి. మీరు దించింది ఇంజిన్ ఆయిల్ గాదు, గేరు బాక్సు ఆయిల్. కుళ్లిన గుడ్డు వాసన రాలే మీకు? గేరు బాక్సు ఎండిపోయింది, ఇంజిన్ల రెండింతలైంది. గిట్లనే పోతే నడి తొవ్వల ఆగిపోతుండె."

కిటికీలోంచి మా ఆవిడ చదువు గొణుగుడు వినబడుతోంది. రెండేళ్ల చదువు, నడి తొవ్వలో నేను, మూసిన గేటు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. సిగ్గు విడిచి ఆయన చేతులు పట్టుకున్నాను. ఇంతలో ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, "ఏంది చాచా?" అని అడిగింది. ఆయన తడుముకోకుండా, "ఏం లేదు బేటీ, బ్రేకు ఒకసారి సూస్తున్నం. నువ్వు పరేషాన్ గాకు, మంచిగ చదువుకో," అన్నాడు. అబద్ధం చెప్పడమంటే చెంపలేసుకునే మనిషి, నా కోసం, ఆమె చదువు కోసం, చెప్పాడు.

తన స్కూటరు ఇచ్చి నన్ను మళ్లీ నాగర్‌కర్నూల్ తరిమాడు. దుకాణదారు నన్ను చూసి, "మల్లెందుకొచ్చిండ్రు సార్? పొద్దుగాల్లదంత బండి తాగేసిందా?" అన్నాడు. ఇంకో డబ్బా, గేరు ఆయిల్ పట్టుకుని వచ్చేసరికి చాచా నమాజు ముగించుకుని వచ్చి, బండి పక్కన పాత గోనెసంచి పరిచి కూర్చున్నాడు. బోల్టు విప్పే పాన నా చేతిలోనే పెట్టాడు. "నేను ముట్ట. చెడగొట్టిన చెయ్యే బాగు చెయ్యాలె, అప్పుడే పని వస్తది," అన్నాడు. కింద పడుకున్న నాకు ఆయన పైనుంచే చెప్పాడు. కనబడకుండానే ఏ బోల్టు ఎక్కడుందో, ఎంత బిగిస్తే చాలో, ఎక్కడ ఆగాలో చెప్పాడు. ఈసారి నల్లటి ఆయిల్ దిగింది. నల్లటి ఆయిల్‌ను చూసి అంతగా సంతోషించినవాడు లోకంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. అంతా అయ్యాక, "ఫిల్టరు మాత్రం మంచిది తెచ్చిండ్రు సార్. రబ్బరు రింగుకు ఆయిల్ గూడ పూసిండ్రు," అన్నాడు. అంత చెత్త పనిలోనూ మెచ్చుకోదగ్గది ఒకటి వెతికి పట్టుకున్నాడు మహానుభావుడు. ఇన్నేళ్లుగా నేను పిల్లల పేపర్లు దిద్దుతున్నాను గానీ అలా దిద్దడం నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

పొద్దున బండి వెన్నలా కదిలింది. నేను మళ్లీ ఈల వేసుకుంటూ నడిపాను. బిజినేపల్లి దాటినప్పటి నుంచీ అద్దంలో ఒక ఆటో వెనకే కనబడుతోంది. నేను నిదానిస్తే అదీ నిదానిస్తోంది. "చూసినవా, మనతోని పందెం పెట్టుకుంటుండు పాపం," అని నవ్వాను. ఆమె నోట్సులోంచి తల ఎత్తలేదు. గంట ముందే వనపర్తి చేరాం. బండి ఆపగానే ఆటో కూడా వెనకే ఆగింది. ఆటో అన్న దిగొచ్చి, "మేడం, దిగవెట్టిండు గద సారు! ఇగ నేను పోవాల్నా?" అన్నాడు.

ఆమె అతనికి దండం పెట్టి పంపేసి, నా మొహం చూసి నవ్వింది. "బ్రేకు చూడనీకి రెండుసార్లు ఆయిల్ తెస్తరా ఎవరన్న?"

"అంటే నా మీద నమ్మకం లేదా?" అన్నాను ఏడుపుమొహంతో.

"నీ మీద నమ్మకముండె గనకనే కార్ల కూసున్న. కొలువు గావాలె గనక ఆటో తెచ్చుకున్న," అని హాలు టికెట్టు పట్టుకుని గేటులోకి వెళ్లిపోయింది.

కొలువు వచ్చింది. ఆయిల్ ఇప్పటికీ నేనే మారుస్తాను. చాచా లేడిప్పుడు. కారు కింద పడుకుని బోల్టు మీద పాన పెట్టి, ఇదేనా చాచా అని పైకే అడుగుతాను. ఆ రోజుల్లో అన్నీ తెలిసిన ఆ కుర్రాడు ఈ ఒక్క మాట అడగడానికి ఎంత సిగ్గుపడ్డాడో తలుచుకుంటే నవ్వొస్తుంది.