జపాను పొడి, మా బావ పత్యం

మొన్న మందుల షాపులో నిలబడితే, అద్దాల బీరువాలో ఒక డబ్బా కనిపించింది. రక్తప్రసరణకు జపాను మూలికలట. చూడగానే నోరు చప్పబడింది. తొంభైల మొదట్లో గల్ఫ్‌కు పోయినప్పుడు అల్ హైల్‌లో, మా ఆరుగురి రూమ్‌లో వండిన చప్పిడి పప్పు గుర్తొచ్చింది. దానికి కారకుడు మా బావ, అంటే అక్క మొగుడు.

బావ సైట్‌లో కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ పట్టేవాడు. ఏళ్ల తరబడి ఆ అదురుకు వేళ్లకు నెత్తురు అందక, చలికాలం పొద్దునపూట సున్నం పూసినట్టు తెల్లబడి మొద్దుబారేవి. కంపెనీకి తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతారని చేతులు జేబుల్లో దాచుకుని తిరిగేవాడు. సైట్‌కొచ్చిన జపాను ఇంజనీరు ఎలాగో కనిపెట్టి, తాను వాడుకునే మూలికల పొడి పొట్లాలిచ్చి, వేడినీళ్లతో వేసుకోమని సైగ చేశాడు. అంతే. కానీ వేరూ బెరడూ వాసనొచ్చే మందుకు పత్యం లేకుండా ఎలా ఉంటుంది? చింతపండు, వంకాయ, పుంటికూర, గుడ్డు అన్నీ బావే బందు పెట్టాడు. మా రూమ్‌కంతా ఒకటే పొయ్యి, ఒకటే గిన్నె. మాకోసం వేరే వండుకుంటామంటే, "వాసన తగిలినా మందు ఇరుగుతదిరా" అన్నాడు. ఎవరి వంతు వచ్చినా అదే పెసరపప్పు.

ఓపిక నశించి ఒకరోజు ఆయన్ని ఇంజనీరు దగ్గరకు లాక్కెళ్లాను. మధ్యలో మాట చెప్పడానికి ఫోర్‌మన్ తప్ప దిక్కు లేదు. "సబ్ ఖావో, బస్ మషీన్ మత్ పకడో" అని ఇంజనీరు మాటను హిందీలో చెప్పాడతను. అన్నీ తిను, మిషను మాత్రం పట్టకు అని. అలా దాచిన సంగతి కాస్తా ఫోర్‌మన్ ముందు బయటపడింది. ఇక బావను ఇంటికి పంపేస్తారనుకున్నాను. అదృష్టం బాగుండి ఇంజనీరే కంపెనీతో మాట్లాడి బావను స్టోర్‌లో వేయించాడు.

ఇకనైనా పులుసు తిందామంటే, "జపానోడు, ఆయనకు పుంటికూర సంగతి ఏమెరుక?" అన్నాడు బావ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మరో చలికాలానికి వేళ్లు ఎర్రబడితే, ఆ ఘనత పొడికీ దక్కలేదు, బ్రేకర్ మానినందుకూ దక్కలేదు, అంతా పత్యానికే! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పోయినేడు నాకు ఆపరేషనైంది. ఇంటినిండా పత్యం చెప్పేవాళ్లే గాని, పక్కన కూర్చుని నాతోపాటు ఆ చప్పిడి కూడు తిన్నవాళ్లు లేరు. అల్ హైల్‌లో మేము బావను రోజూ తిట్టుకున్నాం. అయినా వేరే పొయ్యి పెట్టిన మొనగాడు ఒక్కడూ లేడు, ఆయన వేళ్లలోకి నెత్తురు వచ్చేదాకా. అప్పుడు అంత ఓపిక మాకెక్కడి నుంచి వచ్చిందో, తర్వాత ఎటు పోయిందో, ఇన్నేళ్లయినా అంతుపట్టడం లేదు.